నిచ్చెనపూలు

ఆగస్టు 11, ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి సెక్రటరీ జయచంద్ర గారు మైకు పట్టుకున్నారు. పట్టుకుంటే ఆయన వదలరు. ఈసారి మాత్రం గబగబా చదివేశారు. సమాధుల తోటలో చోటు అయిపోయింది. బైపాస్ దగ్గర కొన్న కొత్త నేల ఉత్త రాళ్ళని అక్కడికి పోను ఎవరూ ఒప్పుకోవడం లేదు. నవంబరు రెండున సమాధుల పండుగ నాటికి ఎవరి గుంత వాళ్ళు వచ్చి చూపించి ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలి. గుర్తు లేని దిబ్బలను ఆ తర్వాత తవ్వి కొత్తవాళ్ళకు ఇస్తారు. సిమెంటు కట్టడానికి ఇక పర్మిషన్ లేదు. పాత గుంత తెరిచి అదే ఇంటి మనిషిని అందులో పెట్టుకోవాలంటే అభ్యంతరం లేదు, చోటు ఖాయంగా చూపిస్తే చాలు.

అమ్మ నా మోచేయి గిల్లింది. విన్నావా మే అని. విన్నాను. పలమనేరు మొత్తం వినింది.

అమ్మకున్న కోరిక ఒక్కటే. నాయన గుంతలోనే తననూ పెట్టాలి. నాయన పోయిన రోజు నుంచీ అదే మాట. గుండె నీరసపడి కాళ్ళు వాచడం మొదలయ్యాక అన్నం ముందు కూడా అదే మాట. పోయిన నెల తిరుపతిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకో ఎండాకాలం చూడటం కష్టం అన్నాడు. నేను అమ్మకు చెప్పలేదు. ఆమె నన్ను అడగలేదు. అంటే తెలిసిపోయింది.

నాయన దిబ్బ మీద చెక్క శిలువ ఉండేది. రెండేళ్ళకే చెద తినేసింది. ఇప్పుడు ఉత్త మట్టి.

ఆగస్టు 13, మంగళవారం

గుర్తు ఏం పెట్టాలి? మళ్ళీ చెక్క పెడితే మళ్ళీ చెద. మంచి రాయి పెడితే ఎవరో బట్టలుతుక్కోవడానికి ఎత్తుకుపోతారు. నేను ఇట్లా గొణుగుతుంటే అమ్మ బీరువా అడుగునుంచి ఒక పాత మందు సీసా తీయించింది. అందులో నాయన విత్తనాలు. హాలీహాక్.

నాయన దాన్ని ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. నిచ్చెనపూలు అనేవాడు. కింది మెట్టు పువ్వు ముందు విచ్చుకుంటుంది, తర్వాత దాని పై మెట్టుది, అట్లా ఎక్కుతూ మనిషి ఎత్తు దాటిపోతుంది.

ఆయన ఆర్టీసీ డ్రైవరు. పలమనేరు, తిరుపతి సర్వీసు. ఎంత పొడుగంటే, మా ఇంట్లో ఏ గుమ్మంలోంచీ తల వంచకుండా లోపలికి రాలేదు. పాకాలలో రైల్వే క్వార్టర్సు ముందు ఈ చెట్టు చూసి, బస్సు ఆపి, ఒక ఎండుకాయ అడిగి తెచ్చుకున్నాడట. దినమంతా స్టీరింగ్ మీద వంగొచ్చినోణ్ణి, ఇంటికొచ్చి పువ్వు సూసేదానికి గూడా వంగల్లా అనేవాడు. బంతీ చామంతీ ఆయనకు ఆనేవి కావు.

సీసాలోంచి అరచేతిలో పోసుకున్నాను. పల్చగా, బూడిదరంగులో ఉన్నాయి. ఒక కాయ విప్పకుండా మిగిలి ఉంటే విప్పాను. లోపల విత్తనాలు చిన్న వడలాగా గుండ్రంగా పేర్చి ఉన్నాయి. నాయన చేత్తో కోసిన కాయ. ఏడేళ్ళయింది. ఇవి మొలుస్తాయా అన్నాను. మొలవకుంటే అప్పుడు ఏడుద్దాం, ముందు నానబెట్టు మే అనింది.

ఆగస్టు 18

మొలవలేదు. అమ్మ పొద్దస్తమానం అడుగుతోంది. నేనేమన్నా లోపలికి దూరి తొయ్యాలా?

ఆగస్టు 22

మొలిచాయి. అన్నీ కాదు. సగానికి సగం కూడా కాదు. అయినా మొలిచాయి. గుండ్రటి రెండాకులు, మట్టి నెత్తిన పెట్టుకుని. అమ్మను చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించాను. వంగలేక స్టూలు వేయించుకుని కూర్చుని చాలాసేపు చూసింది. మీ నాయన లేసినాడు మే అనింది. ఛీ, ఏం మాటలమ్మా అన్నాను. లోపలికి వెళ్ళి నేనూ ఏడ్చాను.

ఆగస్టు 25, ఆదివారం

ఈ రోజు తిట్లు. విత్తనాలు ప్లాస్టిక్ గ్లాసుల్లో వేశానని అమ్మ ఇప్పుడు కనిపెట్టింది. ఇది ముల్లంగి మాదిరి వేరు దించుతాది, ఒకసారి దిగినాక చోటు మారిస్తే ఓర్సుకోదు, మీ నాయన నేలలోనే ఏసేవాడు అని. ముందే చెప్పొచ్చు కదా అన్నాను. నువ్వు అడగల్యా అనింది. నాకు ఒళ్ళు మండింది. ఇంకా ఆలస్యం చేస్తే గ్లాసు అడుగున వేరు చుట్టుకుంటుంది. ఈ వారంలోనే తోటలో నాటేయాలి.

సెప్టెంబరు 1, ఆదివారం

నాటాను. ఆటోలో అమ్మను కూడా తీసుకెళ్ళాను. ఆమె దిగలేదు. గేటు దగ్గరే ఆటో ఆపించి చేతికర్ర బయటికి చాపి చూపించింది. వేపచెట్టు వరసలో, అదో, ఆ దిబ్బే, సూడు అని. ప్రతి ఏడూ నేను సాయంత్రం షిఫ్టు దిగి ఆమెను తీసుకొచ్చి కొవ్వొత్తులు వెలిగించి పోయే దిబ్బ అదే. నాకూ తెలుసు. గ్లాసు చీల్చి, మట్టి రాలకుండా దించాను. చుట్టూ కంప వేశాను, మేకలు రాకుండా.

అన్ని దిబ్బలూ ఒకే పొడవు, ఒకే ఎత్తు. బడిలో పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు.

సెప్టెంబరు 9

ఒకటి వాడిపోయింది. అమ్మకు చెప్పలేదు.

సెప్టెంబరు 20

బంగారుపాళ్యం పల్ప్ ఫ్యాక్టరీలో మామిడి సీజన్ అయిపోయింది. నేను అక్కడ ల్యాబులో పనిచేస్తాను. ఇప్పుడు మధ్యాహ్నానికే బస్సెక్కేయొచ్చు. దిగగానే స్కూటీకి రెండు క్యాన్లు తగిలించుకుని తోటకు. నీళ్ళు పోయడం, కలుపు తీయడం. ఆకులు అరచెయ్యంత అయ్యాయి. కింది ఆకుల వెనక తుప్పురంగు మచ్చలు వచ్చాయి. అమ్మను అడిగితే, ఆ ఆకులు తుంచేసి దూరంగా పారెయ్యి, ఆకుల మీద నీళ్ళు పొయ్యొద్దు, మొదట్లో పొయ్యి అనింది. పోశాను.

తోటలో నీళ్ళు పోస్తుంటే మనసు తేలిగ్గా ఉంటోంది. ఇది రాయొచ్చో లేదో. అమ్మను పెట్టబోయే చోటుకు నీళ్ళు పోస్తూ తేలిగ్గా ఉండటమేంటి?

అక్టోబరు 17

గాలివాన. పొద్దున్నే పరుగెత్తాను. రెండు పక్కకు ఒరిగాయి. వెదురు కర్రలు పాతి, అమ్మ పాత చీర అంచు చింపి కట్టాను. నడుము దాకా వచ్చాయి ఇప్పుడు.

అక్టోబరు 29

మొగ్గ లేదు. పండుగకు పువ్వు ఉండాలని ఎంత ఆశపడ్డానో. అమ్మేమో, చలి తగిలితేగానీ పుయ్యవు, తొందరపడొద్దు అంటుంది. ఈమెకు తొందర లేదట!

నవంబరు 2, శనివారం. సమాధుల పండుగ

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సెలవు దొరికింది, అందుకని ఈ ఏడు పొద్దున్నే వెళ్ళాం. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి దిబ్బ దాకా మోయించాను. తోట నిండా జనం. సున్నం వాసన, బంతిపూలు, వత్తులు. మా దిబ్బ దగ్గర ఒకామె నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. చేతిలో పూలబుట్ట. నా చెట్లను అట్లా ఇట్లా జరిపి చూస్తోంది. ఏం కావాలక్కా అన్నాను. నా బిడ్డ మింద ఈ సెట్లు ఎవురు నాటినారు అనింది.

మీరు దిబ్బ తప్పు చూస్తున్నారు అన్నాను. తప్పు నువ్వు సూస్తా ఉండావు అనింది. మర్యాదగా మొదలైంది, మర్యాదగా సాగలేదు. నేనూ గొంతు పెంచాను. చచ్చిన వాళ్ళ మధ్య నిలబడి బజారులో కుళాయి దగ్గర అరిచినట్టు అరిచాను. సిగ్గుగా ఉంది ఇప్పుడు.

ఆమె పేరు తాయమ్మ. బంగారుపాళ్యం మనిషి, పుట్టిల్లు పలమనేరు. తొమ్మిదేళ్ళ కూతురు నిస్సీ జ్వరంతో పోతే పుట్టింటివాళ్ళ చర్చి అని ఇక్కడ పెట్టారు. ఆమె ప్రతి ఏడూ పొద్దున్నే వచ్చి వత్తి వెలిగించి పదిన్నర బస్సుకు వెళ్ళిపోతుంది. మేము ప్రతి ఏడూ సాయంత్రం వస్తాం. మేము వచ్చేసరికి కరిగిపోయిన వత్తి ముక్క ఒకటి అక్కడ ఉండేది. చర్చివాళ్ళు అన్నిటికీ ఒకటి పెడుతున్నారని అనుకునేవాళ్ళం. ఆమె కూడా మరుసటి ఏడు మా వత్తుల మరకలు చూసి అదే అనుకునేదట. ఇన్నాళ్ళూ ఒకే మట్టి మీద ఇద్దరం ఏడుస్తున్నాం.

జయచంద్ర గారు వచ్చారు. వచ్చే ఆదివారం లోపల మీలో మీరు తేల్చుకోండి, తేలకపోతే అది ఎవరిదీ కాదు, కమిటీ తీసుకుంటాది అన్నారు.

అమ్మా చెప్పు, నాయనది ఇదే కదా అని నేను అడిగాను. అందరూ ఆమె వైపు చూశారు. ఇంటికి పోదాం పద మే అనింది.

నవంబరు 3

చెప్పింది. కాఫీ తాగుతూ, నా వైపు చూడకుండా.

తుఫాను వచ్చిన ఏడు తోటలోకి నీళ్ళొచ్చి దిబ్బలన్నీ కరిగిపోయాయి. తర్వాత కమిటీ కూలీలను పెట్టి వరసగా, ఒకే కొలతలో మళ్ళీ దిబ్బలు పోయించింది. నాకిది తెలుసు. నాకు తెలియనిది, ఆ తర్వాత మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మ దిబ్బను గుర్తుపట్టలేదని. నాయనది అన్నిటికన్నా పొడుగు దిబ్బ. ఆమెకున్న గుర్తు అదొక్కటే. ఇప్పుడు అన్నీ ఒకటే పొడుగు. అప్పుడు నేను గేటు దగ్గర వత్తులు కొంటున్నాను. నేను వచ్చే లోపల ఒకటి ఎంచుకుని కూర్చుంది. ఏదో ఒకటి అనుకోకుంటే యాడ కూసోని ఏడ్సేది అనింది.

నాకు పిచ్చెక్కింది. అయితే నేను నీళ్ళు మోసింది దేనికి? నిన్న ఆ తల్లి మీద అరిచింది దేనికి? కప్పు విసిరేశాను. పగల్లేదు, స్టీలుది.

నవంబరు 4

అమ్మతో మాట్లాడలేదు. మాత్రలు మాత్రం ఇచ్చాను.

నవంబరు 7

రేపు నాయన గుంత ఎక్కడ అని జనం అడిగితే ఏం చెప్పాలి? అమ్మ పోయినప్పుడు ఎక్కడ తవ్వించాలి? ఏడేళ్ళుగా ఆమె అడిగింది ఒక్కటంటే ఒక్కటి. అది కూడా నేను చేయలేను.

నవంబరు 9, శనివారం

తాయమ్మ ఇంటికొచ్చింది. అడ్రసు ఫ్యాక్టరీలో కనుక్కుందట. సీజన్లో ఆమె కోత లైన్లో పనిచేస్తుంది, నేను ల్యాబులో. ఒకే గేటులోంచి పోతాం. ముఖం ఎక్కడో చూసినట్టు ఉందని ఆ రోజే అనిపించింది.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. అమ్మ మంచం పక్కన కింద కూర్చుంది. అమ్మ పేరు గంగులమ్మ అని కనుక్కొని వచ్చింది కానీ ఆ పేరు పెట్టి పిలవలేదు, పెద్దమ్మా అనింది. తర్వాత, నేనూ సరిగ్గా ఎరగను పెద్దమ్మా అనింది.

ఆమెకూ అంతే. వాన తర్వాత వచ్చి చూస్తే అన్నీ ఒకటే. పిచ్చిదానిలా తిరిగింది. ఒక దిబ్బ మట్టిలో నీలం గాజు ముక్క కనిపించింది. నిస్సీని పెట్టెలో పెట్టినప్పుడు చేతికి నీలం గాజులు వేశారు. అంతే, అక్కడే కూర్చుండిపోయింది. గాజు ముక్క పైకెట్లా వస్తుందో, లోపలి పెట్టెలోది బయటికెందుకు వస్తుందో ఆలోచించలేదు. ఆలోసిస్తే పోతాదేమో అని భయం పెద్దమ్మా అనింది.

కొంగుముడి విప్పి ఆ ముక్క చూపించింది. ఇన్నాళ్ళూ దగ్గరే పెట్టుకుంది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. వెనక్కిచ్చి, అది నీ బిడ్డదే, నా దగ్గర ఇంత ముక్క గూడా లేదు అనింది.

నేను మధ్యలో దూరాను. అమ్మా, అది నాయనది కూడా కావొచ్చు కదా అన్నాను. అమ్మ నా వైపు తిరిగింది. కావొచ్చు. కాకపోతే? ఆడ ఉండేది ఆ పసిబిడ్డ అయితే, ఇంత మనిషిని పోయి దాని మింద పడుకునేదా? మీ నాయన ఒప్పుకుంటాడా? ఇట్లా అడిగింది. తాయమ్మ అమ్మ పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. ఆ పాదాలు వాచి ఉన్నాయి, నొప్పి. అమ్మ జరపలేదు.

మరి నిన్నెక్కడ పెట్టాలమ్మా అని నేనే అడగాల్సి వచ్చింది. బైపాస్ దగ్గర చర్చి కొత్తగా కొన్న నేలలో అనింది. అక్కడ ఇంకా ఎవరినీ పెట్టలేదు. ఒక చెట్టు లేదు. రాళ్ళు. ఎవురో ఒకరు ముందు పోవల్ల కదా అనింది.

నవంబరు 10, ఆదివారం

జయచంద్ర గారికి చెప్పాను. ఆ దిబ్బ తాయమ్మ బిడ్డది. మరి చెట్లు అన్నారు. చెట్లు కూడా అన్నాను. ఖాయమేనా అమలా అని అడిగారు. ఖాయమే అన్నాను. చర్చి మెట్ల మీద నిలబడి అబద్ధమో నిజమో తెలియని మాట చెప్పాను.

అంటే నాయన గుర్తు లేని దిబ్బల్లో ఉన్నాడు. లేదా నిస్సీదన్న ఆ దిబ్బలోనే ఉన్నాడు. ఏదో ఒక రోజు ఎవరికోసమో ఆయన్ను తవ్వుతారు. ఈ వాక్యం రాయడానికే చాలాసేపు పట్టింది.

డిసెంబరు 12

తాయమ్మ వారానికోసారి వచ్చి నీళ్ళు పోస్తోంది. అమ్మను ఆసుపత్రికి తిప్పడంలో నాకు కుదరడం లేదు. తన భుజం దాటినాయంట. మొగ్గ కనిపించిందంట. ఫోన్లో అరుస్తూ చెప్పింది.

జనవరి 8

మొదటి పువ్వు. అన్నిటికన్నా కింది మెట్టుది. ముదురు ఎరుపు, నడుమ ఇంకా ముదురు. తాయమ్మ ఫొటో పంపితే అమ్మకు చూపించాను. పువ్వు సరే, ఎత్తు తెలీలేదే అనింది.

జనవరి 19, ఆదివారం

డాక్టరు కదిలించొద్దన్నాడు. కదిలించాను.

ఆటోలో దిండ్లు పేర్చి కూర్చోబెట్టి తోట రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. గేటు దాకా కూడా పోనక్కర్లేకపోయింది. కాంపౌండు గోడ పైనుంచి కనిపిస్తున్నాయి. సగం దాకా పూసి, పైన ఇంకా మొగ్గలు. గాలికి కొంచెం ఊగుతున్నాయి. గోడ అవతల పొడుగు మనుషులెవరో నిలబడి రోడ్డు చూస్తున్నట్టే ఉంది.

అమ్మ తల వంచలేదు, ఎత్తలేదు. సీటులో కూర్చున్నది కూర్చున్నట్టే చూసింది. చాలు పద, ఆటోకాయన కాసుకోని ఉండాడు అనింది. దారిలో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఫిబ్రవరి 5

మధ్యాహ్నం అమ్మ పోయింది. అప్పుడు నేను గంజి చల్లారబెడుతున్నాను.

ఫిబ్రవరి 6

భూస్థాపన. కొత్త నేలలో మొట్టమొదటి గుంత. పారలు దిగలేదు, జేసీబీ పిలిపించారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే పక్కన దాని ఇంజను ఇంకా వేడిగా టిక్కుటిక్కుమంటోంది. ఇంత పెద్ద నేలలో అమ్మ ఒక్కతే. అందరూ మట్టి వేశారు. నేను వేయలేకపోయాను. తాయమ్మ నా చేతిలో మట్టి పెట్టి, నా చెయ్యి పట్టుకుని తనే వేయించింది.

పువ్వులెందుకు తేలేదని అడిగాను. కోస్తే కాయ కాదు కదా అమలా అనింది.

ఫిబ్రవరి 27

మాత్రల డబ్బా ఇంకా కిటికీలోనే ఉంది. తీయను.

ఏప్రిల్ 20, ఆదివారం. ఈస్టర్

వేకువ ఆరాధన తర్వాత తాయమ్మా నేనూ పాత తోటకు వెళ్ళాం. చెట్లు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. కింది కాయలు పగులుతున్నాయి. ఆమె కొంగు పట్టింది, నేను విప్పాను. ఒక్కో కాయలో ఒక చిన్న వడ. నిస్సీ అయితే వీటితో బొమ్మలకు టిఫిన్ పెట్టుండును అనింది. నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం ఇదే మొదలు.

సగం ఆమెకు, సగం నాకు. నా సగం ఆ మందు సీసాలోనే పోశాను.

ఆగస్టు 17, ఆదివారం

అమ్మ దిబ్బ మీద విత్తనాలు వేశాను. గ్లాసుల్లో కాదు, నేలలోనే. రాళ్ళు ఏరి, ఎరువు కలిపి, వేలితో నొక్కి. ఈసారి ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

సెప్టెంబరు 3

మొలిచాయి. అమ్మకు చెప్పడానికి ఇంట్లోకి పరుగెత్తబోయాను, కొత్త నేల నుంచి.

నవంబరు 2, ఆదివారం. సమాధుల పండుగ

పొద్దున కొత్త నేలకు వెళ్ళాను. చెట్లు మోకాలి ఎత్తు ఉన్నాయి. అమ్మ తల దగ్గర అప్పటికే ఒక వత్తి వెలిగి, కరిగి, ఆరిపోయి ఉంది. చర్చివాళ్ళు పెట్టరని ఇప్పుడు తెలుసు. తాయమ్మ పదిన్నర బస్సుకు వెళ్ళిపోయి ఉంటుంది.

సాయంత్రం పాత తోటకు వెళ్ళాను. వత్తి వెలిగిస్తుంటే పక్క దిబ్బ దగ్గరి ముసలాయన, ఈడ మీవోళ్ళు ఎవురుమ్మా అని అడిగాడు.

మా పాప అన్నాను. నిస్సీ.